చచ్చాక చెప్పే పుట్టుకథ

జోకర్‌కి పేరు లేదు. 1940లో బ్యాట్‌మన్ పత్రిక మొదటి సంచికలోనే తెల్లటి మొహం, ఆకుపచ్చ జుట్టు, చెవుల దాకా సాగిన నవ్వుతో వచ్చి మనుషుల్ని చంపడం మొదలుపెట్టాడు. ఎవరి కొడుకో, ఏ ఊరివాడో పాఠకులు అడగలేదు, రాసినవాళ్లు చెప్పలేదు. అతన్ని ఊహించింది బిల్ ఫింగరా, బాబ్ కేనా, జెర్రీ రాబిన్సనా అన్న తగవే ఆ ముగ్గురూ పోయేదాకా తెగలేదు. మొహం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం తెలుసు. విక్టర్ హ్యూగో నవల ఆధారంగా 1928లో వచ్చిన ‘ద మ్యాన్ హూ లాఫ్స్’ అనే మూకీ సినిమాలో కాన్రాడ్ వైట్ వేసిన వేషం అది.

పదకొండేళ్ల తర్వాత, 1951 ఫిబ్రవరిలో, ‘డిటెక్టివ్ కామిక్స్’ 168వ సంచికలో బిల్ ఫింగర్ ఒక పూర్వకథ రాశాడు. ఎర్ర ముసుగు తొడుక్కున్న దొంగ పేకముక్కల కంపెనీని దోచుకుంటాడు. బ్యాట్‌మన్ తరుముతుంటే రసాయనాల నీళ్లలో దూకి పారిపోతాడు. తేలి చూసుకుంటే మొహం తెల్లగా, జుట్టు పచ్చగా ఉంది. పేకలో జోకర్‌లా ఉన్నాననుకుని ఆ పేరే పెట్టుకుంటాడు. ఇందులో ఏడుపు లేదు, అన్యాయం లేదు, పెళ్లాం పిల్లలు లేరు. దొంగ దొంగగానే మునిగాడు, కాస్త రంగు పట్టి తేలాడు. సూరత్‌లో ఉండేవాళ్లకు ఈ భాగం చదివితే నవ్వొస్తుంది. పాండేసరా, సచిన్ వైపు అద్దకం మిల్లులున్న ఊరు ఇది. ఆ నీళ్లు తగిలితే విలన్లయ్యే పనైతే ఈపాటికి ఊళ్లో సగం మంది అయి ఉండాలి.

1988లో అలన్ మూర్ రచన, బ్రయాన్ బోలండ్ బొమ్మలతో వచ్చిన ‘బ్యాట్‌మన్: ద కిల్లింగ్ జోక్’ ఈ పాత ముచ్చటనే తీసుకుని దానికి కడుపుకోత కలిపింది. యాభై పేజీలు కూడా లేని కథ. మరుసటి ఏడాది ఐస్నర్ అవార్డుల్లో రచయితకూ చిత్రకారుడికీ పుస్తకానికీ బహుమతులొచ్చాయి. ఇరవయ్యేళ్లకు, 2008లో, బోలండ్ తనే రంగులన్నీ మళ్లీ వేసి, తను రాసి గీసిన ఇంకో చిన్న కథ కూడా చేర్చి గట్టి అట్టతో తెచ్చిన ప్రతి ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

దీన్ని మళ్లీ తీయడానికి కారణం సూరత్‌లోని అడాజన్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు. హజీరా కర్మాగారాల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు తాపీ నదికి ఈ పక్కన, అడాజన్, పాల్ వైపు కొన్ని ఉన్నాయి. వాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, కింద ఆటల్లో గుజరాతీ, బళ్లో ఇంగ్లీషు. 2019లో వచ్చిన ‘జోకర్’ సినిమా చూసినవాళ్లు “పాపం అంకుల్, వాడి తప్పేముంది? అందరూ కలిసి వాణ్ణి అలా చేశారు” అంటారు. మరి రావణుడో అంటే “వాడు విలన్ కదా” అని తేల్చేస్తారు. రావణుడికి కూడా ఒక పుట్టుక, ఒక బాల్యం, తల్లి పెట్టిన ఒక దెప్పు ఉన్నాయని వాళ్లకెవరూ చెప్పలేదు. మనకైనా ఎవరు చెప్పారు గనుక?

ముందు ‘కిల్లింగ్ జోక్’ పని ఎలా చేస్తుందో చూడాలి. మొదటి గడిలో నీటి గుంట, అందులో వాన చినుకులు పడి లేచే వలయాలు. చివరి గడిలో కూడా అవే. ఈ రెండింటి మధ్య కథ రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి ఈ రోజుది. జోకర్ పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకుని, మూతపడ్డ ఒక ఎగ్జిబిషన్ మైదానాన్ని చేజిక్కించుకుని, పోలీసు కమిషనర్ గోర్డన్‌ని అక్కడికి ఎత్తుకొచ్చి మతి పోగొట్టాలని చూస్తాడు. రెండోది గతం. రసాయన కర్మాగారంలో ఉద్యోగం మానేసి హాస్యనటుడు కావాలనుకున్న ఒక అనామకుడు, అతని గర్భవతి భార్య, అద్దె బకాయి, ఒక్కసారికి దొంగతనానికి ఒప్పుకోవడం, ఆ రోజే భార్య ప్రమాదంలో పోవడం, అయినా దొంగలు వదలకపోవడం, ఎర్ర ముసుగు, రసాయనాల నీళ్లు.

గతానికీ వర్తమానానికీ మధ్య వంతెన ఎలా వేశారన్నదే ఈ పుస్తకంలో నేర్చుకోవాల్సిన విద్య. సినిమాల్లో అయితే తెర మసకబారుతుంది, రింగులు తిరుగుతాయి, వీణ మోగుతుంది. ఇక్కడ అవేమీ లేవు. వర్తమానంలోని ఆఖరి గడిలో జోకర్ ఏ భంగిమలో నిలబడ్డాడో, గతంలోని మొదటి గడిలో ఆ అనామకుడు అదే భంగిమలో నిలబడి ఉంటాడు. చెయ్యి అదే ఎత్తులో, తల అదే వాలులో. తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే. రెండు గళ్ల మధ్యనున్న తెల్లటి సందులో ఎన్నో ఏళ్లు గడిచిపోయాయి. ‘కొన్నేళ్ల క్రితం’ అని పైన ఒక చీటీ రాయాల్సిన అవసరమే రాలేదు. బొమ్మ కదలదు కాబట్టే ఈ పని సాధ్యమైంది. కదిలే బొమ్మలో ఆ పోలిక కన్ను పట్టేలోగా దాటిపోతుంది. కాగితం మీద అయితే వెనక్కి వెళ్లి రెండు గళ్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

రంగుల సంగతి ఇంకా ఆసక్తికరం. 1988 ప్రతికి రంగులు వేసింది జాన్ హిగిన్స్. ఊదా, పసుపు, నారింజ పోటీపడి అరుస్తాయి, ఎగ్జిబిషన్ దీపాల మధ్య నిలబడ్డట్టే ఉంటుంది. బోలండ్‌కి అవి మొదటి నుంచీ నచ్చలేదు. 2008లో తనే వేసినప్పుడు ఆ అరుపు తగ్గించి, గతంలోని దృశ్యాలను దాదాపు నలుపు తెలుపుల్లోకి దించాడు, ఒక్కో చోట ఒక్క ఎర్రటి వస్తువు తప్ప. అది చివరికి ఎర్ర ముసుగు దాకా నడిపిస్తుంది. చాలామంది ఈ కొత్త రంగులే గొప్పవంటారు. నాకు హిగిన్స్ రంగులే ఇష్టం. బోలండ్ రంగులు ‘ఇది గతం, ఇది బాధ, ఇక్కడ చూడు’ అని వేలు పెట్టి చూపిస్తాయి. హిగిన్స్ ప్రతిలో గతం కూడా వర్తమానం లాగే జ్వరం పట్టి ఉంటుంది, దాన్ని నమ్మాలో వద్దో తెలియదు. ఈ కథకు ఆ అనుమానం చాలా అవసరం.

ఎందుకంటే జోకరే పుస్తకం చివర్లో తన గతం తనకు ఒక్కో రోజు ఒక్కోలా గుర్తొస్తుందని చెప్పేస్తాడు. మనం అప్పటిదాకా కళ్లు చెమర్చుకుంటూ చూసిన భార్య, కడుపులో బిడ్డ, బకాయి అద్దె అన్నీ ఒక జ్ఞాపకం మాత్రమే, బహుశా ఆ రోజుకి పనికొచ్చిన జ్ఞాపకం. ఒక్క చెడ్డ రోజు చాలు, ఏ మంచివాడైనా నాలా అవుతాడు అని నిరూపించడానికే అతను గోర్డన్‌ని హింసిస్తాడు. గోర్డన్ కాడు. బయటికి రాగానే వాణ్ణి చట్ట ప్రకారం పట్టుకోమని బ్యాట్‌మన్‌కి చెబుతాడు. జోకర్ వాదం అక్కడ కూలిపోయింది. వాదం కూలాక ఆ వాదానికి ఆధారంగా చూపించిన కథ ఏమవుతుంది? 2008లోనే వచ్చిన ‘ద డార్క్ నైట్’ సినిమా ఈ కిటుకును బాగా పట్టుకుంది. అందులో జోకర్ తన మొహం మీది గాట్లకు ఒకరికి ఒక కారణం, ఇంకొకరికి ఇంకో కారణం చెబుతాడు. 2019 సినిమా పూర్వకథను మొదటి నుంచీ చివరిదాకా పరిచి చూపించింది. అందుకే మా కుర్రాళ్లకు పాపం అనిపించింది.

పుస్తకంలో నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటి. ఈ కథంతా బ్యాట్‌మన్‌కి తెలియదు. పాఠకుడు చూశాడు, జోకర్‌కి గుర్తుంది, కానీ కథానాయకుడు వినలేదు. నీ బతుకు ఎక్కడ వంకర తిరిగిందో నాకు తెలియదు, అయినా సాయం చేస్తానంటాడు. శత్రువు ఆ మాట కాదంటాడు. ఇద్దరూ ఒక జోకుకి నవ్వుకుంటారు, వాన పడుతుంది. నాయకుడి చెవిన పడని పూర్వకథ నాయకుణ్ణి ఎలా మారుస్తుంది?

మన దగ్గర దీన్ని వేరేగా చేశారు.

రామాయణంలో యుద్ధకాండ అయిపోయి ఉత్తరకాండ మొదలైంది. రావణుడు చచ్చాడు, పట్టాభిషేకం జరిగింది. మునులంతా అయోధ్యకు వచ్చి రాముణ్ణి పొగుడుతూ, అన్నిటికంటే ఇంద్రజిత్తు చావే గొప్ప విషయమన్నట్టు మాట్లాడతారు. రాముడికి ఆశ్చర్యం వేస్తుంది. తండ్రిని వదిలి కొడుకును అంతగా చెప్తున్నారేమని అడుగుతాడు. దానికి జవాబుగా అగస్త్యుడు మొదలుపెడతాడు, పులస్త్యుడి నుంచి. అక్కణ్ణుంచి విశ్రవసు, సుమాలి కూతురు కైకసి, ఆమె భర్త కోసం వచ్చిన దారుణమైన సంధ్యవేళ, ఆ వేళ ఫలితంగా పుట్టిన పిల్లలు. పుష్పక విమానంలో వెలిగిపోతున్న సవతి కొడుకు కుబేరుణ్ణి చూపించి, నువ్వు అలా ఎప్పుడవుతావురా అని తల్లి చేసిన దెప్పు. గోకర్ణంలో పదివేల ఏళ్ల తపస్సు, వెయ్యేళ్లకొక తల హోమంలో వేయడం. దేవతల చేతిలో, దానవుల చేతిలో చావకూడదని కోరి, గడ్డిపోచలని మనుషుల్ని వదిలేయడం. ఆ మనిషే ఇప్పుడు ఎదురుగా సింహాసనం మీద కూర్చుని ఈ కథ వింటున్నాడు.

ఇది నాకు మూర్ పేజీల కంటే సాహసమైన అమరికగా కనిపిస్తుంది. చంపినవాడి సభలో చచ్చినవాడి బాల్యం చెప్పడం. పైగా రాముడు ఊరికే కూర్చోడు, మధ్యలో ప్రశ్నలేస్తాడు. రావణుడు ఇలా లోకాలన్నీ తిరిగి గెలుస్తుంటే అప్పుడు భూమ్మీద వీరులే లేరా అని అడుగుతాడు. అగస్త్యుడు నవ్వి, కార్తవీర్యార్జునుడు రావణుణ్ణి కట్టి పడేసిన కథ, వాలి కథ చెబుతాడు. గెలిచినవాడికి తన శత్రువు ఓడిపోయిన రోజులు కూడా తెలియాలి. రాముడి విజయం దానివల్ల కొంచెం చిన్నదవుతుంది కూడా. అయినా చెప్పారు.

భాగవతంలోనూ వరస ఇదే. రాజసూయంలో శిశుపాలుడి తల తెగింది. అతనిలోని తేజస్సు కృష్ణుడిలో కలిసింది. ఇంతగా తిట్టినవాడికి ఇంత మోక్షమా అని ధర్మరాజు నారదుణ్ణి అడుగుతాడు. అప్పుడు జయవిజయుల శాపం, హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు. పోతన ఏడో స్కంధంలో పెద్ద భాగం ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా నిలబడింది. ప్రతినాయకుడి పుట్టుకథ మన దగ్గర అతను చచ్చాక చెబుతారు, అడిగితే చెబుతారు, గెలిచిన పక్షానికి చెబుతారు. జాలి పుడితే పుట్టవచ్చు, శిక్ష మాత్రం ఆగదు, ఎందుకంటే అది అప్పటికే అయిపోయింది. బాణం వేయాల్సినప్పుడు చెయ్యి వణకకూడదు, వేశాక మనసు కదలకపోతే అదీ తప్పే అన్న లెక్క ఇందులో ఉందని నాకనిపిస్తుంది. జోకర్ సినిమా చూసిన కుర్రాడికి ముందు జాలి వచ్చేస్తుంది, ఆ తర్వాత జరిగే హత్యలన్నీ ఆ జాలిలోంచే చూడాల్సి వస్తుంది.

తెలుగులో ఈ ఉత్తరకాండకు గొప్ప స్థానమే ఉండేది. పదమూడో శతాబ్దంలో తిక్కన భారతం పట్టకముందు రాసింది ‘నిర్వచనోత్తర రామాయణం’. నెల్లూరు పాలకుడు మనుమసిద్ధికి అంకితమిచ్చిన ఆ కావ్యం వచనం లేకుండా పది ఆశ్వాసాలు నడుస్తుంది. రావణుడి వంశం, వరాలు, దండయాత్రలు అందులో బాగానే చోటు తీసుకుంటాయి. పద్దెనిమిదో శతాబ్దంలో కంకంటి పాపరాజు మళ్లీ చంపువుగా రాశాడు. అంటే మహాకవి తిక్కన తన మొదటి పెద్ద పనికి ఎంచుకున్న వస్తువులో సగం ఒక విలన్ పూర్వకథ. 1963లో వచ్చిన ‘లవకుశ’ తర్వాత మనకు ఉత్తరకాండ అంటే సీత అడవికి వెళ్లడం, ఇద్దరు పిల్లలు పాట పాడడం. మొదటి సగం ఆ సినిమాకు అక్కర్లేదు కనుక జనం జ్ఞాపకంలోంచి జారిపోయింది. ఆ రావణుడు వేరే చోట బతికాడు. 1958లో ‘భూకైలాస్’లో, 1961లో ఎన్టీ రామారావు తొలిసారి దర్శకత్వం చేసి తనే రావణుడిగా వేసిన ‘సీతారామ కల్యాణం’లో. అందులో శివుణ్ణి మెప్పించడానికి తన పేగుల్నే తీగలుగా చేసి వీణ వాయిస్తాడు. బోలండ్ గీయాల్సిన గడి అది.

‘కిల్లింగ్ జోక్’ మీద నిలిచిన నేరం ఒకటుంది. గోర్డన్‌కి చెడ్డ రోజు తెప్పించడం కోసం జోకర్ అతని కూతురు బార్బరాని గుమ్మంలోనే కాల్చేస్తాడు, ఫొటోలు తీస్తాడు. ఆమె నడుము కింద చచ్చుబడిపోతుంది. పుస్తకం మిగతా సగం ఆమెను పట్టించుకోదు. ఇద్దరు మగవాళ్ల వాదానికి ఆమె శరీరం సాక్ష్యంగా పనికొచ్చింది, అంతే. 1999లో గెయిల్ సిమోన్ ఇలా కథల కోసం బలైన ఆడపాత్రల జాబితా తయారుచేసినప్పుడు బార్బరా పేరు అందులో ఉంది. మూర్ కూడా తర్వాతి ఇంటర్వ్యూల్లో ఈ పుస్తకాన్ని వెనకేసుకురాలేదు. సరిదిద్దింది వేరేవాళ్లు. జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ దంపతులు 1989లో ‘సూసైడ్ స్క్వాడ్’ కథల్లో బార్బరాని చక్రాల కుర్చీలో కూర్చుని కంప్యూటర్ల ద్వారా వీరులందరికీ దారి చూపే ఒరాకిల్‌గా మళ్లీ నిలబెట్టారు.

ఉత్తరకాండలోనూ బార్బరా ఉంది. పేరు వేదవతి. తపస్సు చేసుకుంటుంటే రావణుడు జుట్టు పట్టుకున్నాడు. ఆమె చేతినే కత్తిగా చేసి ఆ జుట్టు కోసేసుకుంది, నీ చావు కోసం మళ్లీ పుడతానని చెప్పి నిప్పులోకి నడిచింది. సీతగా పుట్టింది. రంభ విషయంలో చేసిన పాపానికి నలకూబరుడి శాపం వచ్చింది. సీతను అశోకవనంలో రావణుడు బలవంతం చేయకపోవడానికి అతని మంచితనం కారణం కాదు, తల పగిలిపోతుందన్న భయం. విలన్ పూర్వకథలో అన్యాయానికి గురైన ఆడవాళ్లు అతని అంతాన్ని నడిపే యంత్రంలో కీలకమైన మరలవుతారు. ఈ ఏర్పాటు నేటి కళ్లకు తృప్తినివ్వదు. వేదవతి మళ్లీ పుట్టడానికి ముందు చావాల్సి వచ్చింది కదా. అయినా గుమ్మంలో పడి ఉన్న బార్బరా కంటే కథలో ఆమె పట్టు ఎక్కువ.

అడాజన్ నుంచి సర్దార్ వంతెన దాటి తూర్పుకు పోతే, ఉధనా, లింబాయత్ వైపు ఊరు మరో రకంగా ఉంటుంది. మగ్గాల చప్పుడు. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి తరాల కిందట వచ్చిన నేతపనివాళ్లు, ఎక్కువగా పద్మశాలీలు, అక్కడ పవర్‌లూములు నడుపుతారు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో బడులు నడిపేది వీళ్ల పిల్లల కోసమే. వీళ్ల కులపురాణానికి తెలంగాణలో ఒక బొమ్మల పుస్తకముంది, కాకపోతే అది పుస్తకంలా ఉండదు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు గుడ్డ చుట్ట. చేర్యాల నకాశీలు గీసిన పటం అది. కూనపులివాళ్లు దాన్ని నిలబెట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ బొమ్మకీ కర్ర చూపిస్తూ మార్కండేయ పురాణాన్ని, భావనారుషి కథను రాత్రుళ్లు చెబుతారు. గౌడుల కథ గౌడజెట్టివాళ్లది, ముదిరాజుల పాండవుల కథ కాకిపడగలవాళ్లది, మాదిగల జాంబపురాణం డక్కలివాళ్లది. ఏ కులానికి ఆ కథకులు, ఏ కథకు ఆ పటం.

కామిక్ పేజీ తెలిసినవాడికి పటం కొత్తగా ఏమీ ఉండదు. నూలు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఎర్రటి నేల మీద అడ్డవరసలుగా కథ. వరసకీ వరసకీ మధ్య పూలతీగ అంచు. ఆ అంచు గళ్ల మధ్య సందు చేసే పనే చేస్తుంది. భావనారుషి అగ్నిగుండం నుంచి పుట్టిన చోటు ఒక వరస, పెళ్లి ఒక వరస, పులి మీదెక్కి రాక్షసుడితో పోరాడేది ఇంకో వరస. తేడా ఎక్కడుందంటే రంగులో. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు ఒంటి రంగు, రాక్షసులకు గోధుమ, ముదురు ఛాయలు. కథకుడు నోరు విప్పకముందే ఎవడు ఎవడో తెలిసిపోతుంది. విలన్ పుట్టడమే ఆ రంగులో పుడతాడు. మూర్, బోలండ్‌లది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. వాళ్ల అనామకుడికి మొదట ఏ రంగూ లేదు, రంగు పట్టడమే కథ. పటంలో కథకుడి గొంతు ఆ రంగుల మీద సందేహాలు లేపగలదు. కామిక్‌కి గొంతు లేదు, కాబట్టి సందేహాన్ని కూడా రంగులోనే పెట్టాలి. చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు గోడకు తగిలించుకునే చిన్న చిన్న ఫ్రేములుగా బాగానే అమ్ముడవుతున్నాయి. ఒక్క గడి కత్తిరించి అమ్మితే కామిక్ మిగలదని మాత్రం అనాలనిపిస్తుంది.

ఈ ఊరి గుజరాతీలకూ ఇలాంటి విద్య ఉంది. రాగి బిందె మీద ఉంగరాల వేళ్లతో తాళం వేస్తూ ఆఖ్యానాలు చెప్పే మాణభట్ల సంప్రదాయం. పదిహేడో శతాబ్దపు ప్రేమానంద్ వాళ్లలో పెద్దవాడు. చైత్రంలో ఇప్పటికీ ఇళ్లలో చదివే ‘ఓఖాహరణ్’లో బాణాసురుడి సంగతి వస్తుంది. నాకు మరీ నచ్చింది ప్రేమానంద్ ‘అభిమన్యు ఆఖ్యాన్’. తండ్రిని చంపిన కృష్ణుడి మీద పగపట్టిన అహిలోచనుడనే రాక్షసుణ్ణి కృష్ణుడే మాయచేసి పెట్టెలో మూసేస్తాడు. సుభద్ర ఆ పెట్టె తెరుస్తుంది, ఆ ప్రాణం ఆమె కడుపులో చేరి అభిమన్యుడవుతుంది. పద్మవ్యూహంలో కుర్రాడు ఒంటరిగా చావడం వెనక మేనమామ ఎందుకు అడ్డుపడలేదో ఈ కథ ఒక భయంకరమైన జవాబు చెబుతుంది. విలన్ పుట్టుకథను తీసుకెళ్లి వీరుడి జాతకంలో పెట్టారు. ఇంగ్లీషు కామిక్కుల్లో ఇంత దూరం వెళ్లినవాళ్లు అరుదు.

మా తెలుగు కుర్రాళ్లకు మాత్రం నేను చెప్పింది శకుని కథ. వ్యాసభారతంలో గానీ కవిత్రయం భారతంలో గానీ అది లేదు. జనంలో ఉన్నదాన్ని 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’ సినిమా మొదట్లోనే పెట్టింది. దుర్యోధనుడు గాంధారరాజునీ కొడుకుల్నీ చెరలో వేసి గింజలు లెక్కపెట్టి తిండి పెడతాడు. అందరూ తమ వాటా ఒక్కడికి ఇచ్చి వాణ్ణి బతికిస్తారు. బతికినవాడు తండ్రి ఎముకలతో పాచికలు చేసుకుంటాడు. ధూళిపాళ వేసిన ఆ శకుని ఆ తర్వాత సినిమా అంతా మేనల్లుడి పక్కన నిలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు ఎవరి మీదో మనకు తెలుసు, దుర్యోధనుడికి తెలియదు. ఇది మన పాత వరసకు విరుద్ధం. చావకముందే, అడక్కుండానే, ముందే చెప్పేశారు. కానీ జాలి కోసం చెప్పలేదు, భయం కోసం చెప్పారు. అందుకే ఇది పనిచేసింది.

వాళ్లలో బొమ్మలు బాగా వేసే అబ్బాయి ఒకడు దీన్ని నాలుగు పేజీల కామిక్‌గా గీస్తానన్నాడు. మొదటి పేజీ జూదం సభ, శకుని చెయ్యి పైకెత్తిన గడితో ఆగాలి. పేజీ తిప్పితే చెరసాల, అదే ఎత్తులో అదే చెయ్యి, వేళ్ల మధ్య ఒకే ఒక్క అన్నం మెతుకు. అక్కడిదాకా ఇద్దరం ఒప్పుకున్నాం. చెరసాల నలుపు తెలుపుల్లో ఉండాలంటాడు వాడు, బోలండ్ లాగా. వద్దురా, చేర్యాల ఎరుపు నేల మీదే ఉంచు, తండ్రి, కొడుకులు, కావలివాళ్లు అందరూ మనుషుల ఒంటిరంగులోనే ఉండాలి, ఆఖరి గడిలో శకుని ఒక్కడికీ ముదురు గోధుమ ఛాయ పడాలి అంటాను నేను. ఎముకను చూపించాలా, పాచికల్ని మాత్రమే చూపించాలా అన్నది ఇంకా తేలలేదు. వాడు చూపించాలంటున్నాడు. ఆ గడిని ఖాళీగా వదిలేసి, శబ్దం మాత్రం రాయమన్నాను.